ఉడుత తోక దారం

పాస్‌వర్డ్ చెప్పమనేసరికి కుట్లక్క ముఖం ముడుచుకుంది.

"అదెందుకు తమ్ముడూ నీకు?"

"పనయ్యాక తెరిచి చూడాలి కదక్కా. తెరుచుకోనిది మీ చేతిలో పెడితే రేపొచ్చి నన్నే తిడతారు."

రిపేరతను మాట్లాడుతూనే లాప్‌టాప్‌ని బోర్లా తిప్పి దాని మరలు పరీక్షగా చూస్తున్నాడు. అతని బల్ల జిరాక్స్ షాపులో ఓ మూల, మెట్ల కింద ఇరుక్కుని ఉంది. నిటారుగా లేచాడంటే తల మెట్టుకి కొట్టుకోవాల్సిందే. ఆ మూలైనా జిరాక్సాయన దయతలచి ఇచ్చిందే. "నా షాపుకి మాట రానంతకాలం ఉండు. వచ్చిందా, ఆరోజే బల్ల ఎత్తేస్తా" అని ముందే చెప్పాడు. మాట రాకుండా ఉండాలని రిపేరతను పనికన్నా మర్యాద ఎక్కువ చేసేవాడు. అదే కుట్లక్కకి నచ్చలేదు. ఇంత వినయం ఊరికే ఉండదని ఆమె లెక్క.

ఆమెని వీధంతా కుట్లక్క అనే పిలుస్తుంది. ఇంటి ముందుగదిలో ఎంబ్రాయిడరీ మెషిన్ పెట్టుకుని పిల్లల గౌన్ల మీద, దిండు గలీబుల మీద బొమ్మలు కుట్టి బట్టల షాపులకి ఇస్తుంది. బొమ్మని ముందు లాప్‌టాప్‌లో గీయాలి. సూది ఎక్కడ దిగాలో, ఎటు తిరగాలో, రంగు ఎక్కడ మారాలో అన్నీ అందులోనే చెప్పాలి. ఆ ఫైలుని పెన్‌డ్రైవ్‌లో వేసి మెషిన్‌కి తగిలిస్తే ఇక సూది తన పని తాను చేసుకుపోతుంది. బాతు, పడవ, గొడుగు కింద ఎలుగుబంటి, కాయ పట్టుకున్న ఉడుత, అన్నీ ఆమె కూర్చుని కళ్లు మండేదాకా గీసుకున్నవి. ఆ బొమ్మలు ఇంకెక్కడా దొరకవు కాబట్టే షాపులవాళ్లు ఆమె గుమ్మం తొక్కుతున్నారు. అవి పరాయి చేతికి పోయాయంటే ఆమె పొట్ట కొట్టినట్టే.

లాప్‌టాప్ సంగతి చూస్తే అది ముసలిదైపోయింది. బటన్ నొక్కి, వెళ్లి స్టవ్ మీద పాలు పెట్టి, అవి పొంగితే స్టవ్ తుడుచుకుని వచ్చినా తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉండేవి. ఇన్నాళ్లూ ఎలాగో నెట్టుకొచ్చింది. ఈమధ్య పాత ఒంటిసూది మెషిన్‌ని మార్పిడి కింద కుట్టుమెషిన్ల మెకానిక్‌కి ఇచ్చేసి, చాలా సూదులున్న కొత్తది తెచ్చుకుంది. కొత్తదానికి ప్రతి బొమ్మనీ మళ్లీ లాప్‌టాప్‌లో తెరిచి సరిచేయాలి. దాంతో ప్రాణం విసిగిపోయింది.

"లోపల తిరిగే డిస్కు ఉంటుందక్కా, అది అరిగిపోయింది" అన్నాడు రిపేరతను. "దాని బదులు ఎస్‌ఎస్‌డీ వేస్తే చిటికెలో తెరుచుకుంటుంది. మిగతా మెషినంతా రాయిలా ఉంది. కొత్తది కొనక్కర్లేదు."

"ఆ కొత్త డిస్కు తిరగదా?"

"తిరిగేదేమీ ఉండదు దాంట్లో."

"తిరక్కుండా ఎలా పనిచేస్తుంది?"

ఆ ప్రశ్నకి అతను మరల మీంచి కళ్లెత్తకుండానే, "బాగానే చేస్తుందక్కా" అన్నాడు. చెప్పడం ఇష్టంలేక దాటేశాడనుకుంది కుట్లక్క.

"పాతదాంట్లో ఉన్నదంతా కొత్తదాంట్లోకి ఎక్కించాలి. రేపటిదాకా పడుతుంది. ఇక్కడ పెట్టి వెళ్లండి."

"అంతా అంటే?"

"అంతానే. ఏది ఎక్కడుందో అక్కడే, ఉన్నది ఉన్నట్టు."

"అంటే నా బొమ్మలన్నీ నీ చేతి మీదుగా పోతాయన్నమాట."

"నా చేతి మీదుగా కాదక్కా, వైరు మీదుగా" అని నవ్వాడు.

కుట్లక్క నవ్వలేదు. "పోనీ, నేనిక్కడే కూర్చుంటా" అంది. అతను చుట్టూ చూశాడు. బల్లకీ జిరాక్స్ మెషిన్‌కీ మధ్య కాగితాల కట్టలే తప్ప కాలు పెట్టే చోటు లేదు. "నాకే తల పెట్టుకునే చోటు లేదు, మీరెక్కడ కూర్చుంటారక్కా?" అన్నాడు. కాపీలు తీయించుకోడానికి వచ్చినవాళ్లు వినకుండా ఆమె ముందుకి వంగి పాస్‌వర్డ్ చెప్పింది. చెప్పాక కూడా లాప్‌టాప్ మీద పెట్టిన చెయ్యి తీయబుద్ధి కాలేదు.

"నీ ఉడుతల్ని ఎత్తుకెళ్లి అతనేం చేసుకుంటాడు? గౌను కుట్టించుకుని తొడుక్కుంటాడా?" అన్నాడు ఆమె భర్త, ఆ సాయంత్రం. ఆయన స్కూలు వ్యాను నడుపుతాడు. రోజంతా పిల్లల గోల విని విని, ఇంటికొచ్చాక పెద్దవాళ్ల గోలని వేళాకోళం చేయడం నేర్చుకున్నాడు.

"మీకేం, నవ్వుతారు. అమ్ముకుంటే?"

"ఎవరికి?"

"బస్టాపు దగ్గర కొత్త షాపు తెరిచింది కదా, ఆ అమ్మాయికి. దానికి సొంతంగా గీయడం వచ్చో రాదో."

"అది షాపు తెరిచిందనీ నువ్వే చెప్పావు, అటువైపు తల తిప్పి చూడననీ నువ్వే చెప్పావు. చూడనిదానికి ఏమొచ్చో ఎలా తెలిసింది?"

కుట్లక్క లాప్‌టాప్ లేక ఖాళీగా ఉన్న బల్లని తుడిచిందే తుడిచింది.

మర్నాడు షాపుకి వెళ్లేసరికి అతను లాప్‌టాప్ మూత పెట్టి సిద్ధంగా ఉంచాడు. ఆమె చేతిలోకి తీసుకోగానే తేడా తెలిసింది. బరువు తగ్గింది.

"ఇంకేమైనా తీశావా ఇందులోంచి?"

"డిస్కొక్కటేనక్కా. కొత్తది తేలిగ్గా ఉంటుంది."

ఆమె దాన్ని బోర్లించి మరలన్నీ వేలితో తడిమింది. "ఈ ఒక్క మర మెరుస్తోందేం?"

"పాతది తుప్పు పట్టిందక్కా, విప్పుతుంటే తల అరిగిపోయింది. నా దగ్గరున్నది వేశాను. దానికేం తీసుకోను."

ఏమీ తీసుకోకుండా ఇచ్చే మర కూడా ఆమె అనుమానాల్లోకి చేరింది. అతను బటన్ నొక్కాడు. ఆమె పాల గిన్నె సంగతి తలుచుకునేలోగా తెర తెరుచుకుంది. ఫోల్డర్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఉడుత బొమ్మని నొక్కితే ఉడుత వచ్చేసింది. నిజానికి ఆమె గుండె సంతోషంతో ఒక్కసారి ఎగిరింది. వెంటనే, ఇంత సులువుగా తెరుచుకునేది ఇతనికీ ఇంతే సులువుగా తెరుచుకుని ఉంటుంది కదా అనిపించి, ఆ ఎగిరిన గుండె చతికిలపడింది.

అతను పాత డిస్కుని ఒక కవర్లో పెట్టి ఇచ్చాడు. "ఇది మీదే. ఇందులోవన్నీ అలాగే ఉన్నాయి. కావాలంటే చిన్న పెట్టెలో బిగించిస్తా, బొమ్మలు ఇంకో కాపీ దాచుకోడానికి పనికొస్తుంది. ఒక్కచోటే ఉంచుకోకూడదక్కా అంత కష్టపడి గీసినవి."

"అక్కర్లేదు" అని ఆమె కవరు లాక్కుని సంచిలో వేసుకుంది. ఇంకోసారి తన డిస్కు ఇతని చేతికి ఇవ్వడమా!

ఇంట్లో పని చకచకా సాగింది. అయినా ఆమె మనసు కుదురుకోలేదు. పాత డిస్కు గుర్రుమని శబ్దం చేసేది, పని జరుగుతోందని ధైర్యంగా ఉండేది. ఇప్పుడు చెవి ఆనించి విన్నా చప్పుడు లేదు. చప్పుడు చేయకుండా లోపల ఏం చేస్తోందో అనుకుంటూ మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసింది. "పాడైనప్పుడు ఏడ్చావు, బాగైతే అనుమానిస్తున్నావు. పాపం దాన్నేం చేయమంటావు?" అన్నాడు భర్త, బూట్లు విప్పుకుంటూ.

కుట్టిన గౌన్లు ఇవ్వడానికి ఆ మర్నాడు బట్టల షాపుకి బయల్దేరింది. ఎప్పుడూ బస్టాపు దగ్గర ఎడమవైపు నడిచేది, కుడివైపు కొత్త షాపు ఉందని. పోటీకొచ్చినవాళ్ల వంక చూడటమంటే వాళ్లని లెక్కలోకి తీసుకోవడమే అని ఆమె పట్టుదల. ఆరోజు ఎడమవైపు పైపుల కోసం తవ్వి మట్టి పోశారు. తప్పక కుడివైపుకి దాటింది. దాటాక, తప్పక చూసింది.

అద్దంలో పసిపిల్ల గౌను వేలాడుతోంది. దాని మీద ఉడుత, కాయ పట్టుకుని.

కుట్లక్క అద్దానికి ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్లింది. ఉడుత ఆమెదే. కాయ మీద మూడు గీతల నీడ ఆమెదే. అన్నిటికన్నా ముఖ్యంగా, తోక చివర నుంచి చెవి దాకా అడ్డంగా ఒక గోధుమరంగు దారం సాగి ఉంది.

ఆ దారం సంగతి లోకంలో ఆమె ఒక్కదానికే తెలుసు. ఉడుతని గీసినప్పుడు తోక అయిపోయాక దారం తెంచమని చెప్పడం మర్చిపోయింది. అందుకని సూది తోక నుంచి నేరుగా చెవికి దూకుతుంది, దారం మధ్యలో వేలాడుతుంది. దిద్దుదామని ఎన్నిసార్లు అనుకున్నా, లాప్‌టాప్ నత్తనడక చూసి, దాన్ని తెరిచే బదులు ఆ దారాన్నే చిన్న కత్తెరతో కత్తిరించుకోవడం అలవాటు చేసుకుంది. ఆమె చేతి నుంచి బయటికి వెళ్లిన ఏ గౌను మీదా ఆ దారం ఉండదు. కాబట్టి గౌను చూసి ఎవరైనా కాపీ కొడితే ఆ దారం రాదు. ఫైలుంటేనే వస్తుంది.

అరికాలి మంట నెత్తికెక్కింది. గౌన్లివ్వాల్సిన షాపు మర్చిపోయి, అటునుంచటే జిరాక్స్ షాపుకి నడిచింది.

అక్కడ నలుగురైదుగురు ఉన్నారు. కాపీల కోసం వచ్చిన ఆడపిల్లలు, చంకలో లాప్‌టాప్ పెట్టుకుని తన వంతు కోసం నిలబడ్డ పెద్దమనిషి, మెషిన్ దగ్గర జిరాక్సాయన. రిపేరతను ఎవరిదో కీబోర్డు విప్పి, మరలన్నీ అయస్కాంతం ఉన్న గిన్నెలో పోగుచేసుకుని, తల వంచుకుని పనిలో ఉన్నాడు.

"ఎంతకమ్ముకున్నావు నా బొమ్మల్ని?" అంది కుట్లక్క.

అతను దిగ్గున లేచాడు. తల మెట్టుకి ఠంగుమని తగిలింది. "ఏంటక్కా?"

"అక్కా గిక్కా అనకు. బస్టాపు దగ్గర షాపులో నా ఉడుత వేలాడుతోంది. కుట్టింది చూసి కొడితే అలా రాదు, ఫైలుంటేనే వస్తుంది. ఫైలు నా లాప్‌టాప్‌లో ఉంది. లాప్‌టాప్ రాత్రంతా నీ దగ్గరుంది. పాస్‌వర్డ్ కూడా నీకే చెప్పాను. ఇంకేం చెప్తావు చెప్పు!"

"నేనసలు మీ ఫైళ్లు తెరవలేదక్కా. తెరుచుకున్నది ఆ ఒక్కటే, అదీ మీ ముందే, మీరే నొక్కారు..."

"ఇంత నమ్మకంగా మాట్లాడేవాణ్ణి నమ్మకూడదని నాకు మొదటిరోజే అనిపించింది."

అతను తల మీద తగిలినచోట చెయ్యి పెట్టుకుని, ఆ చెయ్యి అలాగే ఉంచేశాడు. చంకలో లాప్‌టాప్ ఉన్న పెద్దమనిషి ఎవరి వంకా చూడకుండా వెనక్కి తిరిగి షాపు గుమ్మం దిగిపోయాడు. జిరాక్సాయన మెషిన్ ఆపాడు.

"మాట రాకూడదని చెప్పానా లేదా?" అన్నాడు రిపేరతనితో. "ఈ వారం ఆఖరికి బల్ల తీసెయ్."

కుట్లక్క విజయంతో ఇంటికొచ్చింది. ఆ రెండు మూడు రోజులూ పాలపాకెట్ల దగ్గరా, కూరల దగ్గరా, వ్యాను కోసం నిలబడ్డ తల్లుల దగ్గరా అదే మాట. చెప్పినప్పుడల్లా కథ కాస్త పెరిగింది. మొదట ఉడుతొక్కటే పోయింది, తర్వాత బాతు, పడవ, ఎలుగుబంటి కూడా పోయాయి. విన్నవాళ్లు అయ్యో అన్నారు. వాళ్లలో ఇద్దరు అప్పటికప్పుడు వెళ్లి, రిపేరుకిచ్చిన లాప్‌టాప్‌లు సగం విప్పి ఉండగానే వెనక్కి తెచ్చేసుకున్నారు.

"గౌను చూశావు, సరే" అన్నాడు భర్త. "అతను ఇవ్వడం చూశావా?"

"అన్నీ కళ్లతో చూడాలా ఏంటి?"

"మా వ్యానులో ఎవరి పెన్సిలైనా పోతే పిల్లలందరూ ఒకణ్ణే పట్టుకుంటారు, ముక్కు కారుతుంటుందే, వాణ్ణి. తీరా చూస్తే సీటు కింద ఉంటుంది." ఈసారి ఆయన గొంతులో వేళాకోళం లేదు.

ఆమెకి కోపమొచ్చింది. దొంగని వెనకేసుకొచ్చే మొగుడి నోరు మూయించాలంటే సాక్ష్యం కావాలి. కొత్త షాపు అమ్మాయి నోటితోనే చెప్పించాలి. జిరాక్స్ షాపు మీదుగా వెళ్తూ ఓరగా చూసింది. రిపేరతని బల్ల మీద ఒక్క లాప్‌టాప్ కూడా లేదు. అతను చిన్న బ్రష్షుతో ఖాళీ బల్ల మీద దుమ్ము దులుపుతున్నాడు. ఆమె గబగబా నడిచింది.

కొత్త షాపులో అమ్మాయి ఒక్కతే ఉంది. చిన్న వయసే, కొత్తగా పెళ్లయినట్టుంది. మెడలో టేపు, వేళ్లకి దారపు పోగులు. "రండక్కా" అంది.

"ఆ ఉడుతని ఎవరిచ్చారు నీకు?"

"అదా!" అమ్మాయి ముఖం వికసించింది. "బాగుంది కదా? షాపు తెరిచినరోజు నుంచీ అద్దంలో అదే పెట్టాను."

షాపు తెరిచినరోజు. లాప్‌టాప్ రిపేరుకి ఇవ్వకముందు. కుట్లక్క చూపు అమ్మాయి మీద నుంచి జారి వెనకున్న మెషిన్ మీద పడింది. ఒంటిసూది మెషిన్. దారం బిగువు తిప్పే బుడిపె మీద ఎర్రటి గోళ్లరంగు చుక్క. బిగువు అక్కడుంటేనే కుట్టు ముడత పడదని, ఓరోజు విసుగొచ్చి ఆమె స్వయంగా పెట్టుకున్న చుక్క.

"ఇది... ఎక్కడిది?"

"మెకానిక్ దగ్గర కొన్నానక్కా. ఎవరో మార్పిడికి ఇచ్చారంట. బొమ్మలు కూడా దాంతోనే వచ్చాయి, చూడండి." అమ్మాయి మెషిన్ తెరని వేలితో జరుపుతూ పోయింది. ఉడుత, బాతు, పడవ, గొడుగు కింద ఎలుగుబంటి. మొట్టమొదట వంకరగా గీసి, పారేద్దామనుకుని పారేయని బాతు కూడా ఉంది. లాప్‌టాప్ తెరుచుకునేదాకా ఎవరు కూర్చుంటారని, ప్రతి బొమ్మనీ మెషిన్‌లోనే దాచిపెట్టుకుని అక్కడినుంచే కుట్టుకునేది ఆమె. మెకానిక్ మోసుకుపోతుంటే పైన దుమ్ము కూడా తుడిచి ఇచ్చింది. లోపలున్నవి గుర్తే రాలేదు.

"ఒక్కటే తెలీట్లేదక్కా" అంది అమ్మాయి. "ఎన్నిసార్లు కుట్టినా తోక దగ్గర్నుంచి చెవి దాకా దారం ఉండిపోతోంది. అలాగే ఉండాలేమో అని వదిలేశాను. మీకేమైనా తెలుసా?"

కుట్లక్కకి ఏడుపూ నవ్వూ ఒకేసారి ముంచుకొచ్చాయి. సంచిలోంచి చిన్న కత్తెర తీసింది. అద్దంలో వేలాడుతున్న గౌనుని దగ్గరికి లాక్కుని, తోక దగ్గర ఒకసారి, చెవి దగ్గర ఒకసారి కత్తిరించింది. దారం నేల మీద పడింది.

"ఉండకూడదు" అంది. "అది గీసినదాని తప్పు."

అమ్మాయి ఆమె ముఖం చూసి బెదిరిపోయింది. "ఇవి మీవా అక్కా? నాకు తెలీదు, ఒట్టు. తీసెయ్యమంటే ఇప్పుడే తీసేస్తా."

"నువ్వు కాదమ్మా. నువ్వేం చేయలేదు. వాటి సంగతి తర్వాత చూద్దాం" అని, ఇంటికి వెళ్లి లాప్‌టాప్, కవర్లోని పాత డిస్కు సంచిలో వేసుకుని బయల్దేరింది. వారం ఆఖరు ఆరోజే.

రిపేరతను స్క్రూడ్రైవర్లు గుడ్డలో చుట్టుకుంటున్నాడు. ఆమెని చూసి లేవలేదు. జిరాక్స్ దగ్గర జనం ఉన్నారు. ఉండాలనే ఆమె ఆ వేళ చూసి వచ్చింది.

"అందరూ వినండి" అంది. "ఇతను నా బొమ్మలు ఎవరికీ ఇవ్వలేదు. నా పాత మెషిన్‌లో వాటిని నేనే పెట్టి, నేనే అమ్ముకున్నాను. నేనే మర్చిపోయాను. ఇతని మీద నేను నింద వేశాను. తప్పు నాది." జిరాక్సాయన వైపు తిరిగింది. "ఆ బల్ల ఎత్తించకండి అన్నయ్యా. కావాలంటే మీ షాపుకి మాట తెచ్చినందుకు నన్ను రావద్దనండి."

జిరాక్సాయన కాగితాలు సర్దుతూ, "అతనికి ఇష్టమైతే ఉండమనండి. నాకేం?" అన్నాడు. ఎవరో "చూశారా మరి" అన్నారు. అంతటితో అయిపోయినట్టు మెషిన్ మళ్లీ మొదలైంది.

కుట్లక్క బల్ల దగ్గరికి వెళ్లి డిస్కు కవరూ, లాప్‌టాపూ అతని ముందు పెట్టింది. "పెట్టెలో బిగిస్తానన్నావు కదా తమ్ముడూ. బిగించి, బొమ్మలన్నీ అందులోకి కాపీ చేసి పెట్టు. రేపొచ్చి తీసుకుంటా. తొందరేం లేదు, ఎల్లుండైనా సరే. పాస్‌వర్డ్ నీకు తెలిసిందేగా."

అతను గుడ్డ మూట విప్పాడు. స్క్రూడ్రైవర్లని ఒక్కొక్కటీ బల్ల మీద వరసగా పెట్టాడు. అది చూసి ఆమెకి ఊపిరి వచ్చింది, ఉంటాడన్నమాట. తర్వాత అతను లేచి, తల వంచి, మూలనున్న జిరాక్స్ కాగితాల కట్టనొకదాన్ని బల్ల ఎదురుగా లాగాడు. చేత్తో దుమ్ము దులిపాడు.

"కూర్చోండక్కా."

"నేనెందుకు? నువ్వు చూసుకుంటావు కదా."

"లేదక్కా. వదిలేసి వెళ్లడానికి లేదు. ఇకనుంచి ఎవరిదైనా సరే, వాళ్లు చూస్తుండగానే విప్పుతా, వాళ్లు చూస్తుండగానే బిగిస్తా." గొంతులో కోపం లేదు. అదివరకటి మర్యాదే ఉంది. "ఎంతసేపైనా కూర్చోవాల్సిందే."

ఆమె కాగితాల కట్ట మీద కూర్చుంది. అతను లాప్‌టాప్ తెరిచి ఆమె వైపు తిప్పాడు.

"పాస్‌వర్డ్ అదే తమ్ముడూ, మార్చలేదు. నువ్వే..."

"చెప్పొద్దక్కా. మీరే కొట్టండి." అని అతను మెట్ల కింద గోడవైపు పూర్తిగా తిరిగిపోయాడు. చేతులు రెండూ ఆమెకి కనబడేలా వెనక్కి పెట్టుకున్నాడు.

ఆమె ఒకసారి తప్పు కొట్టింది. మళ్లీ కొట్టింది. కొట్టీ కొట్టగానే తెర వెలిగింది, ఉడుత, బాతు, పడవ, అన్నీ ఎక్కడివక్కడే.

"అయిందా అక్కా?" అన్నాడు గోడవైపే చూస్తూ.

తెరుచుకుందని చెప్పడానికి ఆమెకి చాలాసేపు నోరు రాలేదు. చెప్పేదాకా అతను ఇటు తిరగలేదు.